వేళ్ళకే తెలిసిన మాట

ఎనిమిదోసారి కూడా కంప్యూటరు ఒప్పుకోలేదు.

తెర మీద గడి ఒకటి అటూ ఇటూ అడ్డంగా తల ఊపింది. దాని కింద ఎర్రటి అక్షరాలు: పాస్‌వర్డు తప్పు. ఇంకా రెండుసార్లు ప్రయత్నించవచ్చు.

"నాన్నా, చేతులు తియ్యి," అంది కూతురు.

టైపు మాస్టారు తీయలేదు.

"చేతులు తీస్తావా, తీగ పీకెయ్యనా?"

మాస్టారు చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నలభై ఏళ్ళపాటు ఊళ్ళో సగం మందికి టైపు నేర్పిన చేతులవి. కళ్ళకి తువ్వాలు కట్టుకుని, పక్కవాడితో కబుర్లాడుతూ, పేజీకి పేజీ ఒక్క తప్పు లేకుండా కొట్టిన వేళ్ళు. ఓసారి ఆయన నిద్రలో దుప్పటి మీద ఓ ఉత్తరం కొట్టారనీ, ఆ చప్పుడు విని అక్షరం పోకుండా రాసుకున్న శిష్యుడొకడు తెల్లారాక సంతకం పెట్టించి పోస్టు చేశాడనీ, దానికి జవాబు కూడా వచ్చిందనీ చెప్పుకుంటారు. అందులో సగమైనా నిజమే అయ్యుంటుంది. ఆ వేళ్ళు ఇప్పుడు బడిలో తిట్లు తిన్న పిల్లల్లా ఒకదాని పక్కన ఒకటి తల వంచుకుని కూర్చున్నాయి.

"ఇంకొక్కసారి కొడితే వస్తుందే," అన్నారాయన.

"పొద్దున్నుంచీ అదే మాట. పెళ్ళిరోజు అన్నావు, కాదంది. నా పుట్టినరోజు అన్నావు, అదీ కాదంది. నా పుట్టినరోజు నీకు తప్పు గుర్తుందని మాత్రం తేలింది."

"ఒక్కరోజేగా తేడా."

"ఒక్కరోజు తేడా వస్తే వేరేవాళ్ళ కూతుర్ని, నాన్నా!"

కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఏ అరలో ఏ మందుందో చీటీ రాసి అంటించకపోతే ఆమెకి అన్నం సహించదు. అలాంటి పిల్లకి ఇలాంటి తండ్రి.

కిటికీ దగ్గర కుర్చీలో మాస్టారి భార్య కూర్చుని ఉంది. మెడ చుట్టూ తెల్లటి కట్టు, ఒళ్ళో పలక, వేళ్ళ మధ్య బలపం. ఊళ్ళో ఆవిణ్ణి అందరూ అనౌన్సరమ్మ అంటారు. బస్‌స్టాండు మైకులో ముప్ఫయ్యేళ్ళు మాట్లాడిన మనిషి. ఆవిడ ఓసారి పొరపాటున అయిదో నంబరు ప్లాట్‌ఫారం అంటే, ఆరో నంబరు మీదున్న బస్సు, ఆవిడ మాట అబద్ధం కాకూడదని తనంతట తానే అయిదుకి జరిగిందని డ్రైవర్లు ఒట్టేసి చెబుతారు.

ఇప్పుడా గొంతు లేదు. మూడు వారాల కిందట ఆసుపత్రిలో జబ్బుతో పాటు గొంతునీ తీసేశారు.

ఉన్నదల్లా ఆ కంప్యూటరులోనే ఉంది. ఆపరేషనుకి ముందు నలభై రోజులు, ఇదే గదిలో, గొంతు తయారుచేసే సంస్థవాళ్ళు పంపిన పదహారు వందల వాక్యాలు ఆవిడ చదివింది. మాస్టారు కూర్చుని రికార్డు చేశారు. 'ఎర్ర గుర్రం మెట్లెక్కి మజ్జిగ అడిగింది' లాంటి తలాతోకా లేని వాక్యాలు. ఆసుపత్రి హడావుడిలో పంపడం ఆగిపోయింది; అన్నీ పంపిస్తే వాళ్ళు అరచేతిలో పట్టే పెట్టె ఒకటి చేసిస్తారు. ఆవిడ అందులో రాసిన మాటని అది ఆవిడ గొంతుతోనే పలుకుతుంది. పోతే పోయింది, మళ్ళీ చదువుదాం అనుకోవడానికి లేదు. చదివే గొంతు లేదు.

గుమ్మంలో నిలబడ్డ రిపేరు మనిషి గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర టైపు నేర్చుకున్నవాడే. నలభై దాటినా మాస్టారి చేతిలో రూళ్ళకర్ర కనిపిస్తే ఇప్పటికీ వేళ్ళు వెనక్కి దాచుకుంటాడు.

"మాస్టారూ, నేను తలుపు తీసే మనిషినే గానీ, ఈ తలుపు వేరు. పగలగొడితే లోపలున్నదంతా బూడిదే. పదోసారి తప్పినా అంతే, మొత్తం చెరిపేసుకుంటుంది."

"ఎవడు పెట్టమన్నాడు అలాంటి తాళం?" అంది కూతురు.

రిపేరు మనిషి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గోడ గడియారం వైపు చూశారు.

"మాస్టారే పెట్టమన్నారమ్మా. అమ్మగారి గొంతు ఎవడి చేతిలోనూ పడకూడదు, దొంగలెత్తుకుపోయినా పనికిరాకూడదు అన్నారు."

"పోనీ, ఇంకోచోట కాపీ?"

"ఆ మాట నేనూ అడిగాను. కాపీ కొట్టేవాణ్ణి నా ఇన్‌స్టిట్యూట్‌లో అడుగు పెట్టనిచ్చానా అన్నారు."

"అయ్యో నా తల్లీ!" అని కూతురు నెత్తి కొట్టుకుంది. "తాళం పోతే పనికొచ్చే పొడుగాటి నంబరేదో ఇస్తుందటగా మొదట్లో, రాసుకోమని?"

"ఇచ్చింది," అన్నారు మాస్టారు చిన్నగా. "రాసుకోమంది."

"రాసుకున్నావా?"

మాస్టారు మళ్ళీ గోడ గడియారం వైపు చూశారు. చెప్పక్కర్లేదు. ఆయన ఇన్‌స్టిట్యూట్ గోడ మీద నలభై ఏళ్ళూ ఒకటే బోర్డు ఉండేది: 'చూసి కొట్టేవాడూ రాసుకుని కొట్టేవాడూ టైపిస్టు కాడు'. ఆ బోర్డుని ఆయనే తన చేత్తో రాసి, మేకు కొట్టి తగిలించారన్నది వేరే సంగతి.

"నేను ఆలోచించి పెట్టుకోలేదే ఆ మాటని," అన్నారు మాస్టారు. "ఆవేళ కూర్చున్నాను, కళ్ళు మూసుకున్నాను, వేళ్ళు కొట్టాయి. రెండోసారి కొట్టమంది, వేళ్ళు మళ్ళీ అదే కొట్టాయి. తర్వాత నలభై రోజులూ పొద్దున్నే వేళ్ళే కొట్టాయి. నా బుర్రకి తెలీదు. నిజంగా తెలీదు."

"ఇప్పుడు ఆ వేళ్ళకేమయింది మరి?"

"అదే నాకూ అర్థం కావడంలేదు."

ఈ మాటలు జరుగుతుండగానే వెనక టక్కుమని చప్పుడయింది.

అందరూ తిరిగి చూశారు. అనౌన్సరమ్మ తమ్ముడు కంప్యూటరు ముందు ఒంగి, ఒకే ఒక్క వేలు గాల్లో లేపి ఉన్నాడు. రిటైరయిన బస్సు డ్రైవరు. మెల్లగా మాట్లాడటం పుట్టాక ఎన్నడూ చేతగాలేదు గనక ఊరంతా హారను అని పిలుస్తారు.

"ఏం చేశావు మావయ్యా?"

"ఏం లేదే. అక్కయ్య కూర్చునే మైకు గది నంబరు ఏడు కదా. బావ మనసులో అదే ఉండుంటుందని ఏడు నొక్కి, ఆ పెద్ద మీట..."

తెర తల ఊపింది. ఇంకా ఒక్కసారి ప్రయత్నించవచ్చు.

హారను అంతటివాడు గొంతు తగ్గించి, "పోనీలే, ఏడు కాదని తెలిసిందిగా," అన్నాడు.

కిటికీ దగ్గర బలపం కీచుమంది. అనౌన్సరమ్మ పలక తిప్పి చూపించింది.

'ఇంకొకటి మిగిలిందిగా. పాలవాణ్ణి కూడా పిలవండి, అతనికీ సరదా ఉంటుంది.'

ఎవరూ నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

కూతురు కుర్చీలో కూలబడింది. ఆమె కోపం ఎప్పుడూ చివరికి ఏడుపులోకే దిగుతుంది, ఆ దారిలో ఎవరు అడ్డమొస్తే వాళ్ళని తొక్కుకుంటూ వెళుతుంది.

"అసలు మీ ఇద్దరూ మాట్లాడుకుని ఉంటే ఇంత జరిగేదా? నలభై రోజులు ఒకే గదిలో ఉన్నారు. అమ్మ ఆ యంత్రంతో మాట్లాడింది, గుర్రంతో మాట్లాడింది, మజ్జిగతో మాట్లాడింది. నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వన్నా మాట్లాడావా? ఒక్కసారి, పొరపాటునైనా, 'ఇదిగో ఈ పాస్‌వర్డు పెట్టాను' అన్నావా?"

"ఊరుకో అమ్మాయ్," అన్నాడు హారను.

"ఎందుకూరుకోవాలి? రెండు నెలలుగా ఊరుకున్నాంగా! సంతకం సంగతి ఎవరూ ఎత్తకూడదు ఈ ఇంట్లో. గోడలు వింటాయి. ఎత్తుతున్నాను, ఏం? అమ్మ అడక్కుండా నువ్వు సంతకం పెట్టావు నాన్నా. అక్కడ మొదలయింది ఇదంతా."

మాస్టారి తల ఇంకాస్త కిందికి వాలింది.

అదీ నిజమే. డాక్టరు కాగితం ముందుకు తోసి, గొంతు ఉంచితే మనిషి ఉండదు, మనిషి ఉండాలంటే గొంతు ఉండదు, త్వరగా చెప్పండి అన్నప్పుడు ఆవిడ పక్క గదిలో పరీక్షలకి పడుకుని ఉంది. మాస్టారు పెన్ను తీసుకున్నారు. ఆవిడ బయటికి వచ్చేసరికి సంతకం ఆరిపోయింది. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద ఆవిడ అన్న మాట ఒకటే: "నా గొంతుకి మీరు సంతకం పెట్టేశారా?" ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడటానికి నలభై రోజులు గొంతు ఉండి కూడా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడదామన్నా లేదు.

రిపేరు మనిషి ఇలాంటివి చూడటానికి రాలేదు పాపం. చెప్పుల వైపు చూసుకుంటూ, "మాస్టారూ," అన్నాడు, "నాకోటి అనిపిస్తోంది. మీరు మాకు నేర్పేటప్పుడు పాఠానికి ముందు బల్ల మీద రూళ్ళకర్రతో రెండు దెబ్బలు కొట్టేవారు గుర్తుందా? ఇప్పటికీ ఎక్కడైనా బల్ల మీద రెండు దెబ్బలు వినిపిస్తే నా వేళ్ళు మొదటి పాఠం కొట్టేస్తాయి. పెళ్ళిలో మేళగాడు రెండు దెబ్బలు వేస్తే మా ఆవిడ వీపు మీద కొట్టేశాను. మీ వేళ్ళకి కూడా అలాంటిదేదో కావాలేమో. ఆ నలభై రోజులూ ఉండి, ఇప్పుడు లేనిదేదో."

గదిలో అందరికీ ఒకేసారి తట్టింది. అందరి చూపూ కిటికీ వైపు తిరిగింది.

కూతురు కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది. పాత వీడియో ఒకటి వెతికి, సౌండు పెంచి, తండ్రి ముందు పెట్టింది. కీబోర్డు తీగ లాగేసి, ఉత్త మీటలు ఆయన చేతుల కింద ఉంచింది. "కళ్ళు మూసుకో. విను."

ఫోనులోంచి అనౌన్సరమ్మ గొంతు వచ్చింది. నిండుగా, గుండ్రంగా, గదిని మూలమూలలా నింపుతూ. "ఎవర్రా ఆ తడి కాళ్ళతో లోపలికొచ్చింది? ఇప్పుడే తుడిచానా లేదా? ఇంట్లో మనుషులున్నారా, బాతులున్నాయా?"

మాస్టారి వేళ్ళు కదల్లేదు. కళ్ళు మాత్రం నిండాయి.

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. అనౌన్సరమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గొంతు పోయాక తన గొంతు తాను వినడం అదే మొదటిసారని కూతురికి అప్పుడు తెలిసింది. ఫోను ఆపబోయి, తప్పు మీట నొక్కి, మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. "ఎవర్రా ఆ తడి కాళ్ళతో..." ఎలాగో ఆపింది.

వంటింట్లో ఏ చప్పుడూ లేదు. గిన్నె కదల్లేదు, కుళాయి తిప్పలేదు. మామూలు మనిషి ఏడిస్తే వినిపిస్తుంది. ఆవిడకి ఆ సదుపాయం కూడా లేకపోయె.

మాస్టారు లేచి తలుపు దగ్గరికి వెళ్ళారు. తట్టడానికి చెయ్యెత్తి, తట్టకుండా అక్కడే నిలబడ్డారు. "ఇదిగో," అన్నారు. మళ్ళీ, "ఇదిగో, నిన్నే."

తలుపు తెరుచుకుంది. ఆవిడ ముఖం కడుక్కుని ఉంది. పలక నిండా రాత.

'అది ఇంట్లో మిమ్మల్ని తిట్టే మనిషి గొంతు. ఆ గదిలో నేను అనౌన్సర్ని. గొంతు సాగడానికి రోజూ ముందు ఏం చదివేదాన్ని?'

మాస్టారు చదివారు. రెండోసారి చదివారు.

"మూడో నంబరు," అన్నారు. "మూడో నంబరు ప్లాట్‌ఫారం."

ఆవిడ తుడిచి రాసింది. 'నేను బయలుదేరుతుంది అనేలోపు వెనక మీ టకటక అయిపోయేది. రోజూ.'

"రోజూ వినేదానివా?"

ఆవిడ పలక చంకలో పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది.

హారను ఒక్క అరుపు అరిచాడు. పక్కింటి కుక్క లేచింది. "అక్కయ్యా! ఆ ముక్క బస్‌స్టాండులో ఇంకా నీ గొంతుతోనే మోగుతోందే! నువ్వు సెలవు పెట్టినప్పుడు వేసుకుంటారని ముందే పట్టి ఉంచినది. కానీ బావా, లే లే, చెప్పులేసుకో! పొద్దున చూశాను, నిచ్చెనలేసి కొత్త పెట్టెలు బిగిస్తున్నారు. సాయంత్రం ఆరింటి నుంచి యంత్రం మాట్లాడుతుందట. అక్కయ్య గొంతు తీసేస్తారట!"

గడియారంలో నాలుగున్నర.

"ఫోనులో పట్టుకొస్తే సరిపోదా?" అంది కూతురు.

"ఫోనులో ఇందాక విన్నాంగా, వేళ్ళు కదిలాయా?" అన్నారు మాస్టారు. అప్పటికే ఆయన కుర్చీ ఎక్కి అటక మీదికి చేతులు చాస్తున్నారు. "వేళ్ళు నా మిషను మీదే కొట్టాలి. మీటల వరస రెండింటికీ ఒకటే. కాగితం ఎన్నిసార్లు తప్పయినా ఊరుకుంటుంది. అది తల ఊపదు."

అటక మీంచి టైపు మిషను దిగింది. ముసలి ఏనుగులా నల్లగా, బరువుగా, ఒళ్ళంతా దుమ్ముతో.

*

బస్‌స్టాండులో మూడో నంబరు ప్లాట్‌ఫారం ముందున్న సిమెంటు బెంచీ మీద, ఒళ్ళో చెక్కపెట్టె, పెట్టె మీద టైపు మిషను పెట్టుకుని మాస్టారు కూర్చున్నారు. చుట్టూ పదిమంది చేరారు. అర్జీలు రాస్తాడనుకుని ఒక ముసలాయన వరసలో నిలబడ్డాడు కూడా. "నాది పొలం గట్టు తగువు బాబూ, కాస్త గట్టిగా రాయాలి," అంటున్నాడు. హారను ఆయన్ని భుజాలు పట్టుకుని పక్కకి జరిపాడు.

కూతురు మైకు గదికి పరుగెత్తి వచ్చింది. "మూడో నంబరు మీంచి ఇక రెండే బస్సులు నాన్నా. అయిదింటికొకటి. ఆరింటికొకటి. ఆరింటిది వెళ్ళేటప్పుడే పాతది ఆపి కొత్తది పెడతారట. బతిమాలాను. పైనుంచి ఉత్తర్వు, మా చేతుల్లో లేదంటున్నారు."

అయిదయింది.

పైన డబ్బాలో గంట మోగింది. గరగరమంది. తర్వాత ఆ గొంతు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరికొద్ది సేపట్లో బయలుదేరుతుంది. దయచేసి ఎక్కి కూర్చోండి."

మాస్టారి వేళ్ళు టకటకా కొట్టాయి. అందరూ కాగితం మీద పడ్డారు.

మొదటి పాఠం. నలభై ఏళ్ళు పిల్లల చేత కొట్టించిన అవే అక్షరాలు, అదే వరస, ఒక్క తప్పు లేకుండా.

"ఆలోచించాను," అన్నారు మాస్టారు. ఆయన ముఖం పాలిపోయింది. "రావాలి రావాలి అనుకున్నాను. అందుకే రాలేదు."

"ఆలోచించకు బావా!"

"ఆలోచించకు అంటే అదే ఆలోచనవుతుందిరా!"

ఆరింటి బస్సుకి ఇక గంట. ఆ గంటని ఎలా చెప్పాలి? కూతురు లేచి నిలబడింది, కూర్చుంది, నీళ్ళు తెచ్చింది, ఎవరూ తాగలేదు. నిచ్చెన మీది మనిషి కొత్త పెట్టెకి తీగలు చుడుతూ ఈల వేస్తున్నాడు. మాస్టారు వేళ్ళు విరుచుకున్నారు, పంచెకి తుడుచుకున్నారు, కళ్ళు గట్టిగా మూసుకున్నారు, తెరిచారు. మనసుని ఖాళీ చేద్దామని కూర్చుంటే, అది ముప్ఫయ్యేళ్ళ సామానంతా తెచ్చి వాకిట్లో పడేస్తోంది. ఆవిడ రోజూ డ్యూటీ దిగి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, వేడినీళ్ళు తాగుతూ ఆయనతో మాత్రం గుసగుసగా మాట్లాడటం. ఊరందరికీ గట్టి గొంతు, ఆయనకి గుసగుస. ఆ గుసగుసని కంప్యూటరులో పట్టలేదు. అది పదహారు వందల వాక్యాల్లో ఎక్కడా లేదు.

ఆరుకి అయిదు నిమిషాలుంది. బస్సు వచ్చి నిలబడింది.

అప్పటిదాకా దూరంగా స్తంభం దగ్గరున్న అనౌన్సరమ్మ నడిచి వచ్చింది. మాస్టారికి నాలుగడుగుల ముందు ఎవరిదో ట్రంకుపెట్టె ఉంటే, దాని మీద ఆయనకి వీపు పెట్టి కూర్చుంది. ఆ గదిలోనూ అంతే. నలభై రోజులూ కిటికీ వైపు తిరిగి, ఆయనకి వీపు చూపిస్తూనే చదివింది. జుట్టు ముడి, మెడ కింద రవికె కుట్టు, ఎడమ భుజం కాస్త పల్లంగా. నలభై పొద్దుల్లో మాస్టారు చూసిన బొమ్మ అదే.

గంట మోగింది. పైన గరగర.

ఆవిడ భుజాలు మెల్లగా లేచాయి. చదవబోయే ముందు ఊపిరి తీసుకున్నట్టు. ఆవిడ నోట్లోంచి ఏమీ రాలేదు. పైనుంచి వచ్చింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి."

మాస్టారి కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

"మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న..."

టక. టక టక టక. వేళ్ళు పరుగెత్తాయి. ఇది పాఠం చప్పుడు కాదు. నలభై పొద్దుల చప్పుడు. రిపేరు మనిషి పెదవి కరుచుకున్నాడు. కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"...బస్సు మరికొద్ది..."

టక్కున తెగిపోయింది.

నిచ్చెన మీది మనిషి తీగ పీకాడు. అరక్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ఎవరిదీ కాని ఒక గొంతు, ఉప్పూ కారం లేని గొంతు, "ప్లాట్‌ఫారం. సంఖ్య. మూడు," అంది.

మాస్టారి వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. మీటలకి జానెడు ఎత్తున, ఎక్కడ దిగాలో తెలియని పిట్టల్లా. ఆయన కళ్ళు తెరిచారు.

"ఇంకా ఉంది," అన్నారు. "ఇంకా ఉందిరా! వెయ్యమనండి, మళ్ళీ వెయ్యమనండి! ఇంకా కాస్తే!"

హారను అప్పటికే నిచ్చెన దగ్గర అరుస్తున్నాడు. నిచ్చెన మీది మనిషి చేతులు తిప్పుతున్నాడు. పాత పెట్టెలోంచి ఊడొచ్చిన టేపు చుట్ట అతని చేతిలోనే ఉంది, లోపలి పట్టీ చిక్కుపడి మోచేతి దాకా వేలాడుతోంది.

కూతురు కాగితం లాగింది. చదివింది. ఆమె ముఖంలో ఏదో మారింది. రిపేరు మనిషి చెయ్యి చాస్తే ఇవ్వలేదు. నాలుగడుగులు నడిచి, తల్లి చేతిలో పెట్టింది.

మధ్యలో జాగా లేకుండా, గొలుసులా ఒకటే వరస.

సంతకంనేనేపెట్టానుకానీ

అనౌన్సరమ్మ చాలాసేపు చూసింది. నలభై పొద్దులు తన వీపు వెనక టకటకమన్నది ఇదా? తెర మీద చుక్కలుగా పడి, తాళం తీసి, మాయమయిపోయింది ఈ మాటేనా? ఆవిడ కాగితాన్ని మడవలేదు, నలపలేదు. ట్రంకుపెట్టె మీద కూర్చున్న చోటే ఇటు తిరిగింది. ఆ సంతకం తర్వాత ఆయనకి ఎదురుగా కూర్చోవడం అదే మొదలు.

"మాస్టారూ," అన్నాడు రిపేరు మనిషి గొంతు తగ్గించి, "ఇంకా ఒక్కసారే ఉంది. కానీ తర్వాత ఏముందో ఒక్కక్షరం తేడా రాకుండా కావాలి."

"నాకు తెలీదు," అన్నారు మాస్టారు. ఆయన తన వేళ్ళ వైపు, అవేదో పరాయివాళ్ళవైనట్టు చూశారు. "ఒట్టు. నాకు తెలీదు. వాటికే తెలుసు."

ఆవిడ చీర కొంగుతో పలక తుడిచింది. మూలమూలలా తుడిచింది. బలపం ఆనించి, ఒక్క మాట రాసి, ఆయన కళ్ళ ముందు పెట్టింది.

'కానీ?'

మూడో నంబరు బస్సు కదిలింది. దుమ్ము లేచింది. నలభై ఏళ్ళు వేళ్ళతో బతికిన మనిషి నోరు తెరిచారు. ఆవిడ పలక దించలేదు.